చెయ్యి వదిలింది ఎవరు

విమల టీచర్ ఏ పిల్ల చెయ్యీ తానుగా పట్టుకోదు. ముందు వంగుతుంది. అరచేతిని వెల్లకిలా తెరిచి, పిల్ల మోకాలి ఎత్తున చాపుతుంది. ఆ తర్వాత తల పక్కకు తిప్పి గోడనో, కిటికీనో, మెట్ల మీద పోయే పిల్లినో చూస్తూ ఉండిపోతుంది. మొహంలోకి చూస్తుంటే పిల్లలు చెయ్యి ఇవ్వరు. చూడకపోతే ఇస్తారు. ఎప్పుడన్నది వాళ్ళ ఇష్టం. ఒకడు జూన్‌లో బడిలో చేరి దసరా సెలవులయ్యాక ఇచ్చాడు. అన్నాళ్ళూ ఆమె రోజూ పొద్దున అదే మెట్టు దగ్గర వంగింది.

బడి నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో ఉంది. కింద ప్లైవుడ్ దుకాణం. పైన రెండు అంతస్తులు, దానిపైన డాబా. రంపపు పొట్టు వాసన ఎప్పుడూ మెట్లెక్కి వస్తూనే ఉంటుంది. విమల అక్కడ చేరినప్పుడు ఆమెకు ముప్పై ఒకటి. టీచర్‌గా కాదు, ఆయాగా చేరింది. ముక్కులు తుడిచింది, లాగులు ఉతికింది. అయిదేళ్ళు అలా చేశాక, పరీక్ష రాసి పాసైన కాగితం తెచ్చి అప్పటి పెద్ద మేడమ్ బల్ల మీద పెట్టింది. మేడమ్ చదివి, యూకేజీ గది తాళంచెవి ఇచ్చింది. ఇప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు.

ఆమె తండ్రి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసేవాడు. భర్త బాలకిషన్ పాత పుస్తకాలకు బైండింగ్ వేస్తాడు, ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచి అమ్ముతాడు. ఆమెకు తెలిసిన ఊరంతా ఆ రెండు కిలోమీటర్లే.

ఆమె తరగతిలో కొన్ని పద్ధతులుండేవి. పదిమందికి ఒక్కటే పిండిముద్ద. నలుగురికి ఒక్కటే రంగుల డబ్బా. ఎరుపు ఒకరి చేతిలో, ఆకుపచ్చ ఒకరి చేతిలో. ఆకు గీయాలంటే అడగాలి, పువ్వు గీయాలంటే ఇంకొకరిని అడగాలి. ఇంటికి పోయేటప్పుడు ఎవరి బూట్లు వాళ్ళు తొడుక్కోకూడదు. పక్కవాళ్ళకు తొడగాలి, పట్టీ పెట్టాలి, బిగుతుగా ఉందా అని అడగాలి. మొదట్లో అరగంట పట్టేది. సంక్రాంతి దాటేసరికి పది నిమిషాలు.

రెండేళ్ళ క్రితం పెద్ద మేడమ్ బడి అమ్మేసింది. కొన్నవాడు శశికిరణ్. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇల్లు హిమాయత్‌నగర్‌లో. నలభై దాటని మనిషి. మాట మెత్తన. మొదటి నెలలోనే ఆమెను పిలిచాడు.

"విమలగారూ, ఆ బూట్లు తొడిగించడం మానిపించండి. కంప్లైంట్లు వస్తున్నాయి."

"ఎవరియి సార్?"

"ఒకరివని కాదండీ. మా బాబు ఎవరెవరి కాళ్ళు పట్టుకోవాలండీ అని అడుగుతున్నారు. ఎవరెవరు ఏంటో మీకు మాత్రం తెలీదా?"

ఆమెకు తెలుసు. ఇద్దరు ముగ్గురు పిల్లల ఇంటిపేర్లు చూసి అడిగిన ప్రశ్న అది. బడిలో ఆయాగా ఎన్నో రకాల రోత కడిగింది కానీ, ఇది ఏ నీళ్ళకూ పోయేది కాదు. అయినా మర్నాటి నుంచి ఎవరి బూట్లు వాళ్ళే తొడుక్కున్నారు. ముందు తొడుక్కున్నవాడు ముందు ఉరికాడు.

మిగిలింది గంతల ఆట. తన పాత చీర అంచును చింపి ఆమె గంతలు కుట్టింది. ఒకరి కళ్ళకు గంత. ఇంకొకరు చెయ్యి పట్టుకుని తరగతి గది నుంచి నల్లా దాకా తీసుకుపోవాలి. లాగకూడదు. తోవలో ఉన్నదంతా చెప్పాలి. మెట్టుంటే మెట్టని, తడి ఉంటే తడని. తర్వాత గంత మారుతుంది. గడియారం లేదు, గెలుపు లేదు. కొన్ని రోజులు ఒక జత నల్లా చేరేసరికి పీరియడ్ అయిపోయేది.

మనస్విని గంత కట్టించుకోని పిల్ల. అయిదేళ్ళు. తల్లి వరలక్ష్మి అబిడ్స్‌లో ఒక చీరల దుకాణం మెట్ల కింద మిషన్ పెట్టుకుని ఫాల్స్ కుడుతుంది. తల్లీకూతుళ్ళు చాదర్‌ఘాట్‌లో ఒక్క గదిలో కిరాయికి ఉంటారు. మనస్విని విమలకు చెయ్యి ఇవ్వడానికే నాలుగు నెలలు పట్టింది. గంతకు ఇంకో మూడు నెలలు. చివరికి జనవరిలో, సుశాంత్ తీసుకుపోతేనే అని చెప్పి, కట్టించుకుంది.

సుశాంత్ ఆ ఆటకు పుట్టినట్టుండేవాడు. వాడికి అన్నీ కనపడేవి.

"ఆగు ఆగు. గీడ చీమలు పోతున్నయ్. జర పెద్దగ అడుగెయ్."

"ఎన్ని చీమలు?"

"మస్తున్నయ్. ఒకటి అన్నం మోస్తుంది. ఆఁ, ఇగ వెయ్."

ఆమె పెద్ద అడుగు వేసేది. విమల గది గుమ్మంలో నిలబడి చూసేది. ఆ ఇద్దరూ నల్లా చేరి, గంత విప్పి, నిజంగానే చీమలున్నాయా అని మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునేవారు.

ఫిబ్రవరిలో శశికిరణ్ ఒకరోజు ఆ ఆట చూశాడు. నచ్చింది. అడ్మిషన్ల కాలం. శనివారం డాబా మీద 'ట్రస్ట్ అండ్ టీమ్‌వర్క్ డే' అని పెట్టాడు. బెలూన్లు, మైకు, కెమెరా, తల్లిదండ్రులకు ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడి నల్లా గద్దె పక్కన ఒక స్టాండు నిలిపి దానికి పెద్ద బెలూన్ కట్టించాడు. ఒక్కో విడతలో దాన్ని ముందు ముట్టుకున్న లీడర్‌కు కప్పు. గంత ఉన్నవాళ్ళకు ఏమీ లేదు.

"కప్పు వద్దు సార్," అంది విమల. "తొందర పెడితే గిది ఆటనే కాదు."

"కప్పు లేకపోతే పేరెంట్స్ ఎందుకొస్తారండీ?"

"పిల్లలను చూడనీకి."

అతను నవ్వాడు. జోకు అనుకున్నాడు.

శనివారం మూడో విడతలో సుశాంత్, మనస్విని. మరో రెండు జతలు వాళ్ళకు అటూ ఇటూ. విమల మొదలుగీత దగ్గర తర్వాతి జతకు గంత కడుతోంది. సుశాంత్ మామూలుగానే మెల్లగా నడుస్తున్నాడు. తడి ఉందని చెప్పాడు. మైకు వైరు ఉందని ఆగాడు. పక్క జత వాళ్ళను దాటింది.

సుశాంత్ తండ్రి ఫణికుమార్ ముందువరుసలో నిలబడి ఫోన్‌లో తీస్తున్నాడు.

"అరేయ్, ఏం జేస్తున్నవ్ రా? ఉరుకు!"

సుశాంత్ తండ్రిని చూశాడు. మనస్వినిని చూశాడు.

"దాని చెయ్యి ఒదిలెయ్ రా! నువ్వు ఉరుకు! నువ్వు ముట్టుకుంటే సాలు!"

వాడు ఇంకోసారి తండ్రిని చూశాడు. వేళ్ళు తెరిచాడు. ఉరికాడు. బెలూన్ ముట్టుకున్నాడు. కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మనస్విని చెయ్యి గాలిలో అలాగే ఉంది. నిలబడి కొంచెంసేపు ఆగింది.

"సుశాంత్, మెట్టుందా?"

చప్పట్లు ఆగలేదు.

"మెట్టుందా?"

ఉంది. నల్లా గద్దె సిమెంటు మెట్టు. ఆమె అడుగు వేసింది. విమల పరుగెత్తింది, కానీ అయిదడుగులు వెనకబడింది.

కనుబొమ్మ పైన పగిలింది. విమల తన కొంగుతో అదిమి పట్టింది. రక్తం ఆమె అరచేతిలోకి, మణికట్టు మీదికి కారింది. ఒక తల్లి తన కూతురి తెల్ల గౌను పాడవుతుందని పిల్లను పక్కకు లాగింది. ఇంకొకాయన ఫోన్ ఇంకా పైకి ఎత్తి తీశాడు. ఫణికుమార్ వంగి చూసి, "అయ్యో పాపం," అన్నాడు. తర్వాత శశికిరణ్ వైపు తిరిగి, "సార్, మనోడే గదా ఫస్టు?" అన్నాడు.

దవాఖానలో మూడు కుట్లు పడ్డాయి. విమల తిరిగి బడికి వచ్చేసరికి డాబా మీద కేకు కోసి ఉంది. పిల్లల కాళ్ళ కింద క్రీము తొక్కుడు పడి చాప మీద జిగటగా అంటుకుంది. నల్లా గద్దె మీద రక్తాన్ని ఎవరో సగం కడిగి వదిలేశారు. దాని పక్కనే ఎవరో తిని పెట్టిన పేపరు ప్లేటు. ఆమె ప్లేటు తీసి, గద్దె మొత్తం తనే కడిగింది. ఆయాగా ఉన్న రోజుల్లో కూడా ఇంత రోత అనిపించలేదు.

సాయంత్రానికి బడి గ్రూపులో వీడియో వచ్చింది. సంగీతం, నవ్వులు. పిల్ల పడడం అందులో లేదు. సుశాంత్ ఒక చేత్తో బెలూన్ ముట్టుకుంటున్నాడు. రెండో చెయ్యి వెనక్కి చాచి ఉంది, ఖాళీగా. దాని మీదే అక్షరాలు పడ్డాయి: నమ్మకమే మా పునాది. కింద నలభైమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

సోమవారం పొద్దున్నే శశికిరణ్ ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఫణికుమార్, సుశాంత్ ముందే ఉన్నారు. బల్ల మీద ప్రమాదాల రిజిస్టరు తెరిచి ఉంది. గదిలో మల్లెపూల సెంటు కొట్టిన వాసన.

"చెప్పు బేటా," అన్నాడు ఫణికుమార్. "ఎవలు ఒదిలిన్రు?"

వాడు తండ్రి బూట్లను చూస్తున్నాడు.

"ఆమెనే."

"ఆమెనే ఏంది? సాఫ్‌గ చెప్పు సార్‌కు."

"మనస్విని ఒదిలింది."

తండ్రి వాడి తల నిమిరి ఆడుకోమని ఫోన్ ఇచ్చాడు. వాడు ఫోన్ పట్టుకున్నాడు గానీ ఆడలేదు. అయిదేళ్ళవాడి నోట్లో మాట పెట్టి, అది బయటికి వచ్చాక నోరు తుడిచినట్టు తల నిమిరాడు తండ్రి. విమల ఆ చేతినే చూసింది.

"పిల్లలు అబద్ధం చెప్పరు కదండీ," అన్నాడు శశికిరణ్. "రాసేద్దాం. బాలిక తనంతట తానే చెయ్యి విడిపించుకుంది అని."

"సార్, ఈయన ఒర్రిండు. డాబా మీద అందరు విన్నరు."

"నేను ఎంకరేజ్ చేసిన," అన్నాడు ఫణికుమార్. "ఎంకరేజ్ చేసుడు తప్పా? మీ బళ్ళె ఎంకరేజ్ చెయ్యరా?"

"ఒదిలెయ్ అన్నవ్."

"అంటె? వాని చెయ్యి, వాని ఇష్టం. గా పిల్ల కోసం నా కొడుకు ఓడిపోవాల్నా?"

శశికిరణ్ గొంతు ఇంకా మెత్తబడింది. "విమలగారూ, అయిదేళ్ళ పిల్లవాడి మీద వేస్తామా చెప్పండి? మీకు మనసొప్పుతుందా? పోనీ మనం నిజమే రాద్దాం. అప్పుడు మొదటి ప్రశ్న, టీచరు ఎక్కడుంది? అయిదడుగుల దూరంలో ఉన్నారు మీరు. అది రాయమంటారా? యాభై ఏడేళ్ళకు ఇంకో బడి ఎవరిస్తారండీ?"

ఆమె తల పక్కకు తిప్పింది. కిటికీలోంచి కింద ప్లైవుడ్ దుకాణం కనపడుతోంది. ఇద్దరు కూలీలు చెరో కొస పట్టుకుని పెద్ద చెక్కను లారీలోంచి దించుతున్నారు. వెనక నడిచేవాడికి ముందేముందో కనపడదు. ముందువాడు, గుంత, గుంత, అని చెబుతున్నాడు.

పెన్ను తీసుకుని రాసింది. గుండ్రని అక్షరాలు, పిల్లలకు దిద్దబెట్టేటట్టు. సంతకం పెట్టింది.

మధ్యాహ్నం వరలక్ష్మి వచ్చింది, మనస్వినిని తీసుకుని. పిల్ల నుదుటి మీద కట్టు. శనివారం పనిలో ఉండి రాలేకపోయింది; ఏం జరిగిందో అడగడానికి ఇవాళ పూట పని మానుకుని వచ్చింది. శశికిరణ్ లేచి కుర్చీ చూపించాడు. నీళ్ళు తెప్పించాడు. తర్వాత రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

వరలక్ష్మి వేలు పెట్టి చదువుకుంది. విమలను చూసింది.

"గిది మీరే రాసిన్రా టీచర్?"

"ఔ."

వరలక్ష్మి మొహంలో కోపం దిక్కు మార్చుకుంది. పిల్ల భుజం పట్టి కుదిపింది.

"చూసినవా? నువ్వే గుంజుకున్నవట. రెండు రోజుల సంది సుశాంత్ ఒదిలిండు, సుశాంత్ ఒదిలిండు అని నా పానం తీస్తివి. టీచరే రాసింది. టీచర్ అబద్ధం రాస్తదా?"

మనస్విని విమల దగ్గరికి వచ్చింది.

"టీచర్, నేనే ఒదిలిన్నా?"

విమల రిజిస్టరు మూసింది.

"నాకు గంత ఉండె గదా. కనపడలే. మీకు కనపడ్డది గదా. నేనే ఒదిలిన్నా?"

విమల అలవాటుగా వంగింది. అరచెయ్యి తెరిచి చాపింది. తల పక్కకు తిప్పింది.

పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"సరే," అంది. "నేనే ఒదిలిన."

మెట్లు దిగేటప్పుడు తల్లి చెయ్యి కూడా పట్టుకోలేదు. గోడ పట్టుకుని దిగింది.

ఆ సాయంత్రం విమల ఇంటికి రాగానే నల్లా దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంది. కడిగి, వాసన చూసి, మళ్ళీ సబ్బు రాసింది. బాలకిషన్ వరండాలో ఒక పాత డిక్షనరీకి అట్ట అతికిస్తున్నాడు.

"ఏందే, సబ్బు మొత్తం ఒడగొడ్తవా?"

"గలీజుంది."

"ఏం గలీజు? నాకేం కనపడ్తలేదు."

ఆమె చెప్పింది. మొదటి నుంచి చెప్పింది. బాలకిషన్ అట్ట మీద ఇటుక పెట్టి, విన్నాడు.

"మరి నువ్వు గాడ్నే ఉంటివి గదా?"

"ఉంటి."

"చూస్తివి గదా?"

"చూస్తి."

"తండ్రి దొంగ. మీ సార్ అంతకు మించిన దొంగ. ఒప్పుకున్న. మరి రాసింది ఎవలు?"

ఆమె నల్లా తిప్పింది.

"కడుగు కడుగు," అన్నాడు. "మున్సిపాలిటోళ్ళు నీళ్ళు ఒదిలినంతసేపు కడుగు."

కొంతసేపటికి తనే లేచి వచ్చి నల్లా కట్టేశాడు. తువ్వాలు ఇచ్చాడు. ఆమె చేతులు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

"అందరి కన్నా నన్ను చూస్తెనే నాకు అసహ్యమైతుంది," అంది. "ఇరవై ఏండ్ల సంది పక్కకు చూసుడు నేర్చుకున్న. పిల్లలు భయపడొద్దని. ఇయ్యాల గదే మెడ తిప్పిన, నా భయం కోసం. గా పిల్ల నన్నే అడిగింది. ఇంకెవ్వర్ని అడగలే."

బాలకిషన్ ఇటుక తీసి, అట్ట అంటుకుందా అని చూసి, మళ్ళీ పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకే విమల బడి దగ్గరుంది. వాచ్‌మన్ దుర్గయ్య అప్పుడే గేటు తీస్తున్నాడు.

"ఆఫీసు తెరువు దుర్గయ్యా."

"సార్ రాకముందా? నా నౌకరి తీస్తవా టీచరమ్మా?"

"తాళంచెవి నేనే గుంజుకున్ననని చెప్పు."

"నువ్వు గుంజుకుంటే నమ్ముతరా?" అన్నాడు దుర్గయ్య, నవ్వుతూనే. కానీ ఆమె మొహం చూసి తెరిచాడు.

ఆమె రిజిస్టరు తీసింది. నిన్నటి వాక్యాన్ని కొట్టెయ్యలేదు, పేజీ చింపలేదు. దాని కిందే రాసింది. పై వాక్యం అబద్ధం, రాసింది నేనే. బాలిక చెయ్యి వదలలేదు. వదిలెయ్యమని తండ్రి అరిస్తే బాలుడు వదిలాడు. ముందు చేరినవాళ్ళకు కప్పు పెట్టింది బడి. నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను. సంతకం, తేదీ, సమయం. రిజిస్టరు మూయకుండా బల్ల మీద తెరిచి ఉంచి, గాలికి పేజీ తిరగకుండా నీళ్ళ గ్లాసు పెట్టింది. అబిడ్స్ దాకా నడిచి, చాదర్‌ఘాట్ బస్సెక్కింది.

వరలక్ష్మి గది ముందు రెండు మెట్లు. పక్కన మురుగు కాలువ. మనస్విని కింది మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. ఎడమది కుడికాలికి వేసుకుంది.

"ఎవ్వల్ని ముట్టనిస్తలేదు టీచర్," అంది వరలక్ష్మి గుమ్మంలోంచి. "నేను పెడ్తనంటె కూడ గుంజుకుంటుంది. రోడ్డు దాటేటప్పుడు సుత చెయ్యి ఇస్తలేదు. బస్సులు వస్తుంటె నా పానం పోతుంది."

విమల ఆమెతో చెప్పింది, పిల్ల వినేటట్టే. నిన్న చదివింది అబద్ధమని, దాని కింద నిజం రాసి వచ్చానని, ఇక ఆ బడిలో తనుంటుందో ఉండదో తెలియదని. వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "థూ," అంది కాసేపటికి. ఎవరినన్నదో విమల అడగలేదు. తనకు రావలసిన వాటా తీసుకుంది.

తర్వాత కింద నేల మీద కూర్చుంది, పిల్ల కన్నా తక్కువ ఎత్తున.

"మనస్వినీ, నువ్వు ఒదల్లే. సుశాంత్ ఒదిలిండు. వాళ్ళ నాన్న ఒదిలెయ్ అంటె ఒదిలిండు. నేను చూసిన. చూసి అబద్ధం రాసిన."

పిల్ల బూటు పట్టీతో ఆడుతోంది.

"నేను ఒదల్లేనా?"

"ఒదల్లే."

"నా చెయ్యి గట్లనే ఉండెనా?"

"గట్లనే ఉండె. చాపి ఉండె."

పిల్ల చాలాసేపు కాలువ వైపు చూసింది.

"ఇంకోసారి అను టీచర్."

విమల ఇంకోసారి అంది. అరచెయ్యి తెరిచి మెట్టు మీద పెట్టింది. ఈసారి తల తిప్పలేదు. పిల్ల మొహంలోకే చూస్తూ కూర్చుంది.